ముందు సోఫా జరపండి, స్పీకర్ల సంగతి తర్వాత

కొత్త స్పీకర్లు షాపులో ఒకలా వినిపిస్తాయి, ఇంటికి తెచ్చి పెట్టాక ఇంకోలా వినిపిస్తాయి. షాపులో ఎదురుగా, విడిగా నిలబడ్డ గొంతు ఇంట్లో టీవీ వెనకెక్కడో ఇరుక్కుపోతుంది. తబలా, బేస్ గిటార్ కలగలిసి ఒకటే మోత. వెంటనే అనుమానం ఆంప్లిఫయర్ మీదికి పోతుంది, ఆ తర్వాత వైర్ల మీదికి. మీటరుకు వేల రూపాయలు పోసి స్పీకర్ వైరు కొనేవాళ్లూ ఉన్నారు. నిజానికి ఇది ఒక ఇంచీ టేపు, ఓ ఆదివారం మధ్యాహ్నం ఉంటే తేలిపోయే వ్యవహారం. తప్పు చాలాసార్లు గదిది. గదిలోనూ ముఖ్యంగా, వినేవాళ్లు కూర్చున్న చోటుది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండే మామూలు టూ బెడ్‌రూమ్ ఫ్లాట్ హాలు ఒకటి తీసుకుందాం. వెడల్పు 11 అడుగులు, పొడవు 20, స్లాబు ఎత్తు 10. ఒక పొడుగు గోడకు టీవీ యూనిట్, ఎదుటి గోడకు ఆనించి మూడు సీట్ల సోఫా. ఒక చివర బాల్కనీకి అద్దాల తలుపు, రెండో చివర డైనింగ్ టేబుల్. కింద విట్రిఫైడ్ టైల్స్, చుట్టూ ప్లాస్టరింగ్ చేసిన ఇటుక గోడలు, పైన కాంక్రీటు. స్పీకర్లు టీవీ యూనిట్ అరల్లోనో, దాని మీద టీవీకి అటొకటి ఇటొకటిగానో ఉంటాయి. కొలతలు కాస్త అటూ ఇటూ అయినా చాలా ఇళ్లలో ఇదే ఏర్పాటు.

ఈ హాల్లో బేస్, అంటే బరువైన కింది స్వరాలు, ఎందుకు పాడవుతుందో చూద్దాం. ఎదురెదురు గోడల మధ్య కొన్ని స్వరాలు ఇరుక్కుంటాయి. తొట్టిలో నీళ్లను ఒక లయలో కదిపితే అంచుల దగ్గర ఎగిసిపడుతూ, మధ్యలో మట్టం మారకుండా ఊగుతాయి చూడండి, ఇదీ అంతే. గోడల మధ్య దూరానికి రెట్టింపు పొడవున్న తరంగం మొదట ఇరుక్కుంటుంది. శబ్ద వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. 11 అడుగులంటే 3.35 మీటర్లు. కాబట్టి టీవీ గోడకూ సోఫా గోడకూ మధ్య ఇరుక్కునే మొదటి స్వరం 51 హెర్ట్జ్ (సెకనుకు 51 కంపనాలు) దగ్గర ఉంటుంది, రెండోది 102 దగ్గర. నేలకూ స్లాబుకూ మధ్య 10 అడుగులు, దాని మొదటి స్వరం 56. పొడవు 20 అడుగులు కాబట్టి దాని మొదటిది 28, రెండోది మళ్లీ 56. అంటే మూడు దిక్కుల నుంచీ 50కీ 56కీ మధ్యే వచ్చి పడుతున్నాయి. పాటలో బేస్ ఏ స్వరం వాయించినా ఇంట్లో ఒకే స్వరం గుమ్‌మని మోగుతున్నట్టు అనిపించడానికి కారణం ఇదే. పొడవు సరిగ్గా ఎత్తుకు రెట్టింపు ఉండడం ఈ హాలు దురదృష్టం. 10 బై 10 బెడ్‌రూములో, అదే ఎత్తుతో, పరిస్థితి ఇంకా అన్యాయం.

ఈ స్వరాలన్నిటికీ ఒక లక్షణం ఉంది. గోడ దగ్గర వాటి ఒత్తిడి గరిష్ఠంగా ఉంటుంది. సోఫాను గోడకు ఆనించి, తల గోడకు జానెడు దూరంలో పెట్టి కూర్చున్నవాళ్ల చెవుల్లో 51, 102 రెండూ పూర్తి బలంతో పడతాయి. స్పీకర్లు ఎన్ని మార్చినా ఇది మారదు. అదే తల గోడకు 2 అడుగుల దూరంలోకి వస్తే 102 హెర్ట్జ్ ఒత్తిడి సగం కన్నా తగ్గిపోతుంది. 51 మాత్రం పెద్దగా తగ్గదు, దాని పని చివర్లో చూద్దాం. గొంతు మీద కప్పినట్టుండే ముసుగు తొలగేది 102 తగ్గినందువల్లే, ఎందుకంటే మగ గొంతు బరువంతా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అలాగని మరీ ముందుకు, హాలు నడిమధ్యకు, అంటే అయిదున్నర అడుగుల దగ్గరకు వస్తే 51 దాదాపు మాయమై బేస్ బోసిపోతుంది. రెండు, రెండున్నర అడుగులు రాజీ కుదిరే చోటు.

హాలే 11 అడుగులైతే అందులో రెండడుగులు వదిలేయడమా అని ఇంట్లో గొడవ మొదలవుతుంది. న్యాయమే. సోఫాను శాశ్వతంగా జరపాల్సిన పని లేదు. కాళ్ల కింద ఫెల్ట్ ముక్కలు అంటిస్తే టైల్స్ మీద మూడు సీట్ల సోఫా కూడా ఒక్క చేత్తో జరుగుతుంది. వినేటప్పుడు ముందుకు, మిగతా వేళ గోడకు. అదీ కుదరకపోతే ఒక కేన్ కుర్చీ తెచ్చి సోఫా ముందు వేసుకోవడమే. వీపు ఆనే భాగం భుజాల దాకే ఉండే కుర్చీ ఇంకా మంచిది. తల వెనక ఎత్తయిన రెగ్జిన్ సోఫా వీపు ఉంటే శబ్దం దానికి కొట్టుకుని తిరిగి చెవిలో పడుతుంది.

ఇంటర్నెట్‌లో దొరికే సలహాలతో ఇక్కడో చిక్కుంది. వాటిలో చాలావరకు అమెరికన్ ఇళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. అక్కడ లోపలి గోడలు ఎక్కువగా చెక్క చట్రానికి జిప్సం బోర్డు కొట్టినవి. లోతైన బేస్ తగిలితే ఆ బోర్డు కొద్దిగా వణికి కొంత శక్తిని తినేస్తుంది, ఇంకొంత పక్క గదిలోకి పోతుంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ వణకదు. కాంక్రీటు స్లాబు అసలే వణకదు. వచ్చిన బేస్‌ను వచ్చినట్టే తిప్పి కొడతాయి. డాలస్‌లో ఉన్న బంధువుల ఇంట్లో చక్కగా వినిపించిన మోడల్‌నే గుంటూరులో కొంటే బొయ్యిమని మోగడంలో స్పీకరు తప్పేమీ లేదు. బేస్ చాలకపోతే మూలకు పెట్టండి అనే సలహా మన ఇళ్లలో దాదాపు ఎప్పుడూ అక్కర్లేనిదే.

మూల అంటే వాస్తు గుర్తొస్తుంది. కరెంటు వస్తువులు ఆగ్నేయంలో ఉండాలని టీవీని, దాంతోపాటు స్పీకర్లను ఆ మూలకు తోసే ఇళ్లున్నాయి. నమ్మకం సంగతి పక్కన పెడితే, వెనక గోడ, పక్క గోడ, నేల మూడూ కలిసి బేస్‌ను గట్టిగా పెంచే చోటది. పైగా రెండు స్పీకర్లలో ఒకటి మూలలో, రెండోది ఖాళీలో ఉంటే రెండూ రెండు వేర్వేరు స్పీకర్లలా పలుకుతాయి. టీవీ ఆగ్నేయంలోనే ఉండనివ్వండి, పాటల స్పీకర్లను దానితో కట్టెయ్యకండి.

కూర్చునే చోటు కుదిరాక స్పీకర్ల వంతు. ట్రెబుల్, అంటే సన్నని పై స్వరాలు, స్పీకరు నుంచి సూటిగా ముందుకు వస్తుంది కానీ బేస్ అన్ని వైపులకూ పాకుతుంది. వెనక్కి పోయిన భాగం గోడకు తగిలి తిరిగొచ్చి ముందు శబ్దంతో కలుస్తుంది. తిరిగొచ్చే దారి సరిగ్గా సగం తరంగం పొడవుంటే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఆ స్వరం దగ్గర గుంత పడుతుంది. స్పీకరు ముందు ముఖం గోడకు 3 అడుగుల దూరంలో ఉంటే ఆ గుంత 94 హెర్ట్జ్ దగ్గర, 2 అడుగులైతే 140 దగ్గర, అడుగున్నరైతే 190 దగ్గర. అకౌస్టిక్ రీసెర్చ్ అనే స్పీకర్ల కంపెనీలో పనిచేసిన రాయ్ ఆలిసన్ 1974లోనే ఈ గోడల ప్రభావాన్ని కొలిచి చూపించారు. వూఫర్‌కు (స్పీకరులో బేస్ పలికే పెద్ద చక్రానికి) వెనక గోడ, పక్క గోడ, నేల మూడూ ఒకే దూరంలో ఉండకూడదన్న సలహా వెనక ఉన్నది ఇదే. అలా ఉంటే మూడు గుంతలూ ఒకే చోట పడి మద్దెల చప్పుడులో ఒక ముక్క ఊడిపోతుంది.

స్పీకర్లను గోడకు మూడడుగులు ముందుకు లాగాలన్నది హైఫై ప్రపంచంలో వేదవాక్యంలా తిరుగుతుంటుంది. పెద్ద గదికి అది మంచిదే. 11 అడుగుల హాల్లో ముందు మూడు, వెనక రెండు వదిలితే మిగిలేది ఆరడుగులు. పైగా గుంత వచ్చి గొంతు బరువుండే 94 మీదే పడుతుంది. ఈ కొలత హాలుకు ఎదురు పద్ధతే నయం. స్పీకరును గోడకు దగ్గరగానే ఉంచి, ముందు ముఖం గోడకు ఒకటి, ఒకటిన్నర అడుగుల్లో ఉండేలా చూడాలి. గుంత 190 నుంచి 280 హెర్ట్జ్ మధ్యకు ఎగబాకుతుంది. అక్కడికొచ్చేసరికి స్పీకరు వెనక్కి పంపే శబ్దమే తగ్గడం మొదలవుతుంది కాబట్టి గుంత లోతు కూడా తగ్గుతుంది. గోడ దగ్గరితనం వల్ల బేస్ కొంచెం పెరుగుతుంది, నిజమే. పెరిగినదాన్ని తగ్గించుకోవచ్చు, లేనిదాన్ని తెచ్చుకోలేం. వెనక గాలి రంధ్రం ఉన్న స్పీకరైతే గోడకూ రంధ్రానికీ మధ్య అయిదారు అంగుళాలైనా ఉండాలి. ఇంకా మోగుతుంటే కంపెనీ ఇచ్చిన స్పాంజి బిరడానో, చుట్టిన మేజోడో ఆ రంధ్రంలో పెట్టి చూడొచ్చు.

టీవీ యూనిట్ అరలో స్పీకరు పెట్టడం మాత్రం అన్నిటికన్నా చెడ్డ ఏర్పాటు. ప్లైవుడ్ అర తనే ఒక డబ్బాగా మోగుతుంది. స్టాండ్లకు చోటు లేక యూనిట్ మీదే పెట్టాల్సి వస్తే స్పీకరు ముఖాన్ని యూనిట్ ముందు అంచు దాకా లాగాలి. లేకపోతే ఆ చెక్క పైభాగమే అద్దంలా పనిచేసి గొంతును తిప్పి కొడుతుంది. కింద దళసరి రబ్బరు ముక్కలు వేస్తే చెక్క వణకడం తగ్గుతుంది.

ఇప్పుడు అసలు స్టీరియో. రెండు స్పీకర్ల నడుమ, ఏమీ లేని చోట గొంతును నిలబెట్టడమే దాని పని. లండన్‌లో ఇఎంఐ కంపెనీ ఇంజనీరు ఆలన్ బ్లూమ్‌లైన్ 1931 డిసెంబరులో దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టారు. సినిమాలో నటుడు తెర మీద ఒక పక్కనుంటే మాట ఇంకో పక్క నుంచి రావడం ఆయనకు నచ్చలేదని, ఆలోచన అక్కడే మొదలైందని చెబుతారు. ఆయన పట్టుకున్న కీలకం చెవుల మధ్య దూరం. ఏ దిక్కు నుంచి వచ్చిన శబ్దమైనా ఒక చెవికీ రెండో చెవికీ చేరే వేళల్లో తేడా 0.7 మిల్లీ సెకనుకు మించదు. అంత చిన్న తేడాలతోనే మెదడు దిక్కు పోల్చుకుంటుంది. శబ్దం ఒక అడుగు నడవడానికి పట్టేది సుమారు 0.9 మిల్లీ సెకను. కాబట్టి ఒక స్పీకరు రెండోదానికన్నా అడుగు దగ్గరగా ఉంటే చాలు, మధ్యలో ఉండాల్సిన గొంతు దగ్గరి స్పీకరులోకి వెళ్లిపోతుంది. సోఫాలో పక్క సీటుకు జరిగితే అయ్యేది అదే.

దీనికి విరుగుడు కూడా ఆ రోజుల్లోనే దొరికింది. 1933 ఏప్రిల్‌లో అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాల వాళ్లు ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న ఆర్కెస్ట్రాను టెలిఫోన్ లైన్ల మీద వాషింగ్టన్‌లోని ఒక హాలుకు పంపి వినిపించారు. సంగీత దర్శకుడు స్టొకోవ్‌స్కీ ఆ రోజు వేదిక మీద లేరు, వాషింగ్టన్‌లో కంట్రోళ్ల దగ్గర కూర్చున్నారు. అందులో వాడినవి మూడు ఛానళ్లు, అంటే మూడు స్పీకర్లకు విడివిడిగా పంపిన శబ్దాలు. పెద్ద హాల్లో అంతమందికీ నడిమి సీటు ఇవ్వడం కుదిరే పని కాదు, అందుకే మధ్యకో స్పీకరు. సినిమా హాళ్లలో మాటలు తెర వెనక నడిమి స్పీకరు నుంచి వచ్చేదీ ఈ లెక్కలోనే. ఇంట్లో రెండే స్పీకర్లున్నప్పుడు ఆ సౌకర్యం ఒక్క సీటుకే దక్కుతుంది. ఇంటిల్లిపాదికీ ఒకేలా వినిపించే రెండు స్పీకర్ల ఏర్పాటు అంటూ ఏదీ లేదు. ఎవరైనా ఉందని అమ్మజూపితే నమ్మనక్కర్లేదు.

కాబట్టి కొలత ఆ ఒక్క సీటు నుంచి మొదలవ్వాలి. సోఫా వీపు మీద తల ఆనే చోట ఒకరు దారం పట్టుకుంటే రెండోవాళ్లు దాన్ని ఎడమ స్పీకరు ట్వీటర్ (ట్రెబుల్ పలికే చిన్న చక్రం) దాకా లాగి ముడి వేయాలి. అదే దారం కుడి ట్వీటర్‌కు పట్టినప్పుడు ముడి సరిగ్గా అక్కడికే రావాలి. అంగుళం తేడా దగ్గర ఆగకండి, అర అంగుళం లోపుకు తేవడం కష్టమేమీ కాదు. గోడ నుంచి కొలిస్తే మోసపోతాం, మన మేస్త్రీలు కట్టే గోడలు అన్నిసార్లూ మట్టానికి ఉండవు. వినేవారి దగ్గర రెండు స్పీకర్ల మధ్య కోణం 60 డిగ్రీలు ఉండాలన్నది స్టూడియోల ప్రమాణం. అంటే మూడు భుజాలూ సమానమైన త్రిభుజం. మన హాల్లో స్పీకర్ల వరసకూ తలకూ మధ్య ఏడున్నర అడుగులు మిగులుతుంది. స్పీకర్ల మధ్య ఏడు, ఎనిమిది అడుగులుంటే చాలు. అయిదడుగుల టీవీ యూనిట్‌కు రెండు చివర్లా పెడితే కోణం 37 డిగ్రీలకు పడిపోయి వాయిద్యాలన్నీ మధ్యలో కుప్పపడతాయి.

సరిగ్గా కుదిరిందా లేదా చూడడానికి ఖరీదైన టెస్ట్ డిస్కులు అక్కర్లేదు. 1960ల నాటి సినిమా పాట ఒకటి చాలు, అది మోనో రికార్డింగు, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం. తర్వాత రోజుల్లో స్టీరియో అని, ఝంకార్ అని మార్చి అమ్మిన రూపం మాత్రం కాకూడదు. నడిమి సీటులో కూర్చుని కళ్లు మూసుకుంటే గొంతు ముక్కుకు సూటిగా, అరచేయంత చోటులోంచి రావాలి. ఒక పక్కకు ఒరిగితే కొలతలో తేడా. ఎక్కడుందో చెప్పలేనట్టు గదంతా పరుచుకుని, బేస్ కూడా పలచబడితే ఒక స్పీకరుకు ఎరుపు, నలుపు వైర్లు తారుమారయ్యాయి. ఇది జనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ ఇళ్లలో కనిపించే పొరపాటు. ఏళ్ల తరబడి ఎవరూ గమనించరు.

ఎత్తు గురించి చెప్పాల్సింది తక్కువే. ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. సోఫాలో కూర్చున్న మనిషి చెవి నేలకు 36 నుంచి 40 అంగుళాల్లో ఉంటుంది. మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకరుకు 24 నుంచి 28 అంగుళాల స్టాండు సరిపోతుంది. కింద పరుపు వేసుకుని గోడకు దిండు పెట్టుకుని వినే అలవాటుంటే స్టాండు అంతకు తగ్గట్టు పొట్టిది కావాలి, లేదా స్పీకరును కొద్దిగా కిందికి వంచాలి.

పక్కల నుంచి తగిలొచ్చే శబ్దం సంగతి కొంచెం ఓపిగ్గా చూడాలి. నేరుగా వచ్చిన శబ్దం వెనకే కొన్ని మిల్లీ సెకన్ల తేడాతో వచ్చే ప్రతిఫలనాన్ని మెదడు వేరే శబ్దంగా లెక్కపెట్టదని, మొదట వచ్చినదాని దిక్కే ఖాయం చేసుకుంటుందని హెల్ముట్ హాస్ అనే జర్మన్ పరిశోధకుడు 1949లో తన పరిశోధనా వ్యాసంలో చూపించారు. అందుకే గోడలున్న గదిలో కూడా స్టీరియో బతుకుతోంది. పక్క ప్రతిఫలనాలు అన్నీ చెడ్డవే అనీ కాదు. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో, ఆ తర్వాత హర్మన్ కంపెనీలో ఏళ్లపాటు శ్రోతల మీద పరీక్షలు చేసిన ఫ్లాయిడ్ టూల్, స్పీకరు పక్కలకు పంపే శబ్దం కూడా ముందుకు పంపేదాన్ని పోలి ఉంటే ఆ ప్రతిఫలనాలు చాలామందికి ఇష్టంగానే ఉంటాయని తేల్చారు. చిక్కు ఎక్కడంటే, రెండు పక్కలూ ఒకేలా లేనప్పుడు. మన హాల్లో బాల్కనీ వైపు స్పీకరు పక్కన అద్దాల తలుపు ఉంది, డైనింగ్ వైపు స్పీకరు పక్కన పది అడుగుల ఖాళీ. అద్దం ట్రెబుల్‌ను అంతా తిప్పి కొడుతుంది, ఖాళీ ఏమీ ఇవ్వదు. గొంతు అద్దం వైపు లాగుతున్నట్టుంటుంది. దానికి వైద్యం ఆ అద్దం మీదికి దళసరి కర్టెన్ లాగడమే. మడతలు బాగా ఉన్న కర్టెన్ అద్దం పక్కను కూడా ఖాళీ పక్కకు దగ్గర చేస్తుంది. ఏ చోట కర్టెన్ ఉండాలో తెలియాలంటే ఒకరు సీటులో కూర్చుని, ఇంకొకరు చేతి అద్దాన్ని గోడ వెంబడి జరుపుతూ పోవాలి. కూర్చున్నవాళ్లకు అద్దంలో ట్వీటర్ కనిపించిన చోటే శబ్దం తగిలే చోటు.

ఖాళీ హాల్లో చప్పట్లు కొడితే టంగ్‌మని మోగుతుంది. తలుపులు మూసి లెక్క వేస్తే టైల్స్, ప్లాస్టరింగ్ మాత్రమే ఉన్న ఈ హాల్లో ఆ శబ్దం పూర్తిగా చావడానికి 3 సెకన్ల దాకా పడుతుంది. సోఫా, కర్టెన్లు, ఒక తివాచీ వచ్చాక అది సెకనులోపుకు దిగుతుంది. ఈ లెక్కకు సూత్రం ఇచ్చిన వాలెస్ సబీన్ 1895లో హార్వర్డ్‌లో పని మొదలుపెట్టినప్పుడు వాడింది పక్క థియేటరు నుంచి రాత్రిళ్లు మోయించుకొచ్చిన సీటు పరుపులనే. ఇంట్లో ప్రయోగానికి పాత బొంత అంతకన్నా పనికొస్తుంది. నేల మీద సోఫాకూ స్పీకర్లకూ మధ్య పరిచి వినండి, తేడా నచ్చితే తివాచీ కొనండి. ఆన్‌లైన్‌లో అమ్మే అంగుళం మందం ఫోమ్ పలకలు మాత్రం ఆలోచించి కొనాలి. 100 హెర్ట్జ్ తరంగం పొడవు 11 అడుగులకు పైనే. అంగుళం స్పాంజి దాన్ని ఏమీ చేయలేదు. గోడ నిండా అంటిస్తే ట్రెబుల్ చచ్చిపోయి, బేస్ మోత అలాగే మిగిలి, గది మునుపటికన్నా దిగులుగా వినిపిస్తుంది.

స్పీకర్లను లోపలికి తిప్పడం చివరి మెరుగు. ముందు నేరుగా పెట్టి వినాలి, తర్వాత రెండిటినీ సమానంగా కొంచెం కొంచెం సీటు వైపు తిప్పుతూ పోవాలి. ఎక్కువ తిప్పితే గొంతు బిగుస్తుంది, వెడల్పు తగ్గుతుంది. పక్క అద్దం మీద పడే ట్రెబుల్ కూడా తగ్గుతుంది. ఇందులో సరైన డిగ్రీ అంటూ లేదు, చెవికి నచ్చిందే లెక్క. వినేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ అయిదులో పెట్టుకుంటే మాత్రం ఇన్ని తేడాలూ ఆ గాలి హోరులో కలిసిపోతాయి. రెండులో పెట్టండి, లేదా పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వినండి. కుదిరిన చోట స్టాండు కాళ్ల చుట్టూ నేల మీద టేపు అంటించాలి, ఇల్లు తుడిచేటప్పుడు స్టాండ్లు జరక్కుండా ఉండవు.

ఇక మిగిలింది ఆ 51 హెర్ట్జ్. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. కొలతల కోసం చేసిన యూఎస్‌బీ మైకు ఒకటి ఉంటే హాల్లో ఏ స్వరం ఎంత ఉబ్బిందో, ఎక్కడ గుంత పడిందో గీత గీసి చూపిస్తుంది. ఉబ్బిన చోట ఈక్వలైజర్‌తో, అంటే ఒక్కో స్వరాన్ని విడిగా పెంచి తగ్గించే సాధనంతో, అయిదారు డెసిబెల్స్ (శబ్దం బలానికి కొలత) తగ్గించడం తేలిక, ఫలితం వెంటనే వినిపిస్తుంది. 51కీ 56కీ మధ్య ఉన్న మోతకు ఇది సరైన మందు. గుంతను మాత్రం ఈక్వలైజర్‌తో పూడ్చబోకండి. 10 డెసిబెల్స్ పెంచాలంటే ఆంప్లిఫయర్ పదింతల శక్తి పంపాలి. గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దం కూడా అంతే పెరిగి దాన్ని మళ్లీ కొట్టేస్తుంది. గుంత అలాగే ఉంటుంది, వూఫర్ వేడెక్కుతుంది. అందుకే ఈక్వలైజర్‌ను 300 హెర్ట్జ్ కిందనే వాడి, అక్కడ కూడా ఉబ్బులు కోయడంతోనే ఆపెయ్యడం మంచిది.